పచ్చటి పల్లె, పొద్దున్నే రైలు: కొత్త కాపురానికి పది తిరుగులేని సలహాలు

లండన్ అద్దె ఫ్లాట్లలో కొన్నేళ్ళు నెట్టుకొచ్చిన తెలుగు కుటుంబానికి ఏదో ఒక రోజు పచ్చదనం మీద మనసు పుడుతుంది. హౌన్స్‌లోలోనో హారోలోనో రెండు గదుల ఇంట్లో ఉంటూ, పెద్దపిల్లకి ఏడో ఏడు రాగానే బకింగ్‌హామ్‌షైర్‌లో ఇళ్ళ ధరలు చూడటం మొదలుపెడతారు. చిల్టర్న్ కొండలు, మిస్‌బోర్న్ వాగు లోయ, అమర్షమ్ నుంచి వెండోవర్ దాకా రైలు పట్టాల వెంట ఊళ్ళు. ఎక్కి కూర్చుంటే గంటలోపే లండన్‌లోని మేరిలబోన్ స్టేషన్. జీతం పట్నానిది, గాలి పల్లెది.

ఈ మోజు ఇవాళ్టిది కాదు. మెట్రోపాలిటన్ రైల్వే 1892లో అమర్షమ్ మీదుగా ఎయిల్స్‌బరీ దాకా రైళ్ళు నడిపింది. 1915 నుంచి ‘మెట్రోలాండ్’ పేరుతో ఏటేటా పుస్తకం అచ్చువేసి, తన పట్టాల పక్కనున్న పల్లెల అందాన్ని లండన్ ఉద్యోగులకి ఊరించి ఊరించి చెప్పింది. ఇంటి స్థలమూ వాళ్ళే చూపించేవారు, టికెట్టూ వాళ్ళే కోసేవారు. ఆ వరసలో ఇప్పుడు మనం నిలబడ్డాం. అక్కడికి వెళ్ళాక ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్ళు కరువయ్యారు కాబట్టి, ఈ కింది సలహాలు అక్షరం పొల్లుపోకుండా పాటించ ప్రార్థన.

1. ఇల్లు జూన్ నెలలో, ఎండ కాసిన శనివారం నాడే చూడండి

జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా పొద్దు కుంకదు. గోడల నిండా గులాబీలు, గేటు అవతల గొర్రెపిల్లలు. ఆ మైకంలోనే మాట ఇచ్చెయ్యండి. డిసెంబరులో మాత్రం ఆ ఛాయలకే పోకండి. అప్పుడు ఎనిమిదింటికి తెల్లవారి, నాలుగు కొట్టకముందే చీకటి పడుతుంది. ఆఫీసుకెళ్ళే మనిషి తన ఇంటిని వెలుగులో చూసుకునేది శని, ఆదివారాల్లోనే. ఈ సంగతి కొన్నాక తెలిస్తేనే బాగుంటుంది.

ప్రశ్నలు అడిగి ఏజెంటుని ఇబ్బంది పెట్టకండి. పెరట్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు కనిపిస్తే వాన నీళ్ళు పట్టుకునేది అనుకోండి. గ్యాస్ పైపు రాని పల్లెలు చాలా ఉన్నాయి. అలాంటి చోట ఇల్లు వెచ్చబడేది ఆ ట్యాంకులో పోయించుకునే కిరోసిన్‌తోనే. సాధారణంగా ఒక్కసారికి 500 లీటర్లకి తక్కువ పొయ్యరు. అది జనవరిలో అడుగంటి, లారీ వచ్చే వారం గానీ రాదని ఫోనులో చెప్పినప్పుడు అన్నీ అవే బోధపడతాయి. మరుగుదొడ్డి నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది కూడా అడగకండి. పచ్చిక కింద సెప్టిక్ ట్యాంకు ఉందని ముందే తెలిస్తే గులాబీల అందం తగ్గుతుంది.

కొండ మొత్తం సుద్దరాయి. అందులోంచి వచ్చే నీళ్ళలో సున్నం ఎక్కువ, కెటిల్‌లో తెల్లగా పేరుకుపోతుంది. కందిపప్పు ఎన్ని కూతలు పెట్టించినా బద్ద బద్దగానే మిగులుతుంది. నీళ్ళని అనుమానించకండి. కుక్కరు పాడైందని విజయవాడ నుంచి కొత్తది తెప్పించండి. అదీ ఉడికించకపోతే పప్పు అమ్మిన కొట్టుని తిట్టండి.

2. పక్క పొలం ఖాళీగా ఉంది కదా, కొని పడెయ్యండి

తెలుగువాడి కన్ను గడ్డి పొలాన్ని చూడదు, వెంచర్‌ని చూస్తుంది. లండన్‌కి ఇంత దగ్గర, స్టేషన్ పక్కనే, ఇన్నేళ్ళుగా ఒక్క ఇల్లూ లేచిన పాపాన పోలేదంటే ఇక్కడివాళ్ళకి వ్యాపారం తెలియదనే అర్థం. ఎకరం కొనెయ్యండి. రేపో మాపో ప్లాట్లు పడతాయి.

లండన్ చుట్టూ ఉన్న పొలాలు పట్నంలో కలిసిపోకుండా 1938లోనే చట్టం చేశారన్నది, 1955లో మిగతా నగరాలకీ ఆ పద్ధతి పాకించారన్నది చరిత్ర పుస్తకాల గొడవ. ఇంగ్లండ్ నేలలో దాదాపు ఎనిమిదో వంతు ఇవాళ ‘గ్రీన్ బెల్ట్’ అనే ఆ రక్షణ కింద ఉంది. మీరు కొనబోయే ఇంటికి అంత ధర పలకడానికి కారణమే ఆ పక్క పొలం ఖాళీగా ఉండటం. ఆ లెక్క మీకెందుకు? అదే పొలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ‘భవిష్యత్తులో అనుమతి వచ్చే అవకాశం’ అంటూ రంగుల కాగితాలు పంచిన పెద్దమనుషులు లోగడ ఉన్నారు. వాళ్ళ దగ్గర కొన్నవాళ్ళకి ఇప్పటికీ గడ్డి ఉచితం.

3. స్టేషన్ ఎంత దూరమో ఫోనులో చూసుకుంటే చాలు

ఫోను ఇరవై ఐదు నిమిషాల నడక అంటుంది. అబద్ధం కాదు. ఆ దారికి పేవ్‌మెంట్ లేదని, వీధి దీపం లేదని, రెండు పక్కలా ఎత్తయిన కంచె మొక్కల మధ్య ఒక కారు పట్టేంత సందు అని అది చెప్పదు. నవంబరులో పొద్దున్న ఆరున్నరకి నల్ల కోటు తొడుక్కుని, వెనక నుంచి వచ్చే బండ్లు కనపడకుండా ఎడమ పక్కన, చెవుల్లో పాటలు పెట్టుకుని నడవండి.

బస్‌స్టాప్ ఉందో లేదో చూడండి, బస్సు ఉందో లేదో చూడకండి. చాలా ఊళ్ళలో సాయంత్రం ఆరు తర్వాత బస్సు ఉండదు, ఆదివారం అసలే ఉండదు. స్టాప్‌లో బెంచీ మాత్రం శుభ్రంగా ఉంటుంది, కూర్చోండి.

కారు కొన్నారా? మన దేశపు లైసెన్సు అక్కడ స్థిరపడిన నాటి నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. ఆ పన్నెండు నెలలూ డ్రైవింగ్ పరీక్ష ఊసెత్తకండి. పదమూడో నెలలో పరీక్ష తేదీలు దొరక్క, రోజూ స్టేషన్ దాకా టాక్సీలో వెళ్తూ బాగా ఆలోచించుకోవచ్చు. ఊరు దాటగానే తెల్ల చక్రంలో ఏటవాలు నల్ల గీత కనిపిస్తుంది. గంటకి 60 మైళ్ళు మించకూడదని దాని భావం. మీరు మాత్రం 60కి తగ్గకూడదని అర్థం చేసుకోండి. మలుపు అవతల ట్రాక్టరో గుర్రమో ఉంటుంది. సందులో ఎదుటి కారు వెనక్కి జరిగి దారి ఇస్తే స్టీరింగ్ మీంచి వేలు కూడా ఎత్తకండి. ఆ కారులో ఉన్నది మీ పిల్ల స్కూలు టీచరు కావచ్చు. అయితే ఏం?

4. మొదటి రోజే ఏడాది టికెట్ కొనండి

ఏడాది టికెట్ ధర నలభై వారాల టికెట్లతో సమానం, అంటే పన్నెండు వారాలు ఉచితం. ఉచితం అన్న మాట వినబడ్డాక మళ్ళీ లెక్కలెందుకు? మీరు ఆఫీసుకి వెళ్ళేది వారానికి రెండు రోజులే కావచ్చు. అలాంటివాళ్ళ కోసం 28 రోజుల్లో ఎనిమిది రోజులు తిరగడానికి వేరే టికెట్ 2021 నుంచి ఉంది. అది పిసినారులకి వదిలెయ్యండి.

శరదృతువులో రైలు ఆలస్యమై, పట్టాల మీద ఆకులు రాలాయని ప్రకటన వస్తే పగలబడి నవ్వండి. రాలిన ఆకుల్ని చక్రాలు నలిపితే పట్టాల మీద నున్నటి జిగట పొర పట్టి, బ్రేకు వేసినా బండి జారుతుంది. అందుకే డ్రైవర్లు ముందు నుంచే వేగం తగ్గిస్తారు. ప్లాట్‌ఫారం మీద నవ్వుతున్నది మీరొక్కరే అయితే మిగతావాళ్ళకి హాస్యప్రియత్వం లేదనుకోండి. ఆలస్యానికి రైల్వేవాళ్ళు డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ ఫారం నింపకండి, పరువు తక్కువ.

శనివారం కరివేపాకు, ఇంగువ, దోసకాయల కోసం వెంబ్లీ బయల్దేరేటప్పుడు పట్టాల మరమ్మతులు ఉన్నాయేమో చూసుకోకండి. అమర్షమ్ నుంచి హారో దాకా మెట్రోపాలిటన్ రైలు, చిల్టర్న్ రైలు తిరిగేది ఒకే పట్టాల మీద. అవి మూసేస్తే రెండూ లేనట్టే. బదులుగా పెట్టిన బస్సు ప్రతి ఊరూ తిప్పి చూపిస్తుంది. క్రిస్మస్ రోజున అసలు రైళ్ళే ఉండవు. సరిగ్గా ఆ రోజుకే హీత్రోలో దిగేలా చుట్టాలకి టికెట్లు కొనిపెట్టండి.

కొండ కింద పది మైళ్ళ సొరంగం తవ్వారు, హైస్పీడ్ రైలు అందులోంచే పోతుంది. మీ ఊరి వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ పనుల దుమ్ము, లారీలు భరించారు. ఆ రైలు ఇక్కడ ఎక్కడా ఆగదు. పొరుగాయన కనిపించగానే, దానివల్ల మీ ఇంటి ధర ఎంత పెరుగుతుందో ఉత్సాహంగా అడగండి.

ప్లాట్‌ఫారం మీద రోజూ అదే చోట నిలబడే నలుగురు ఉంటారు. వాళ్ళకి తల ఊపకండి. రైలెక్కగానే ఇంటికి ఫోను చేసి స్పీకరు పెట్టండి. ఇక్కడ ఉదయం ఏడంటే అక్కడ మధ్యాహ్నం, అమ్మ తీరిగ్గా ఉంటుంది. పెట్టె మొత్తానికీ మామిడికాయ పచ్చడి కొలతలు తెలియాల్సిందే.

5. పిల్లని పరీక్షకి పెంచండి

దాపరికం ఎందుకు, సగం కుటుంబాలు ఈ జిల్లాకి వచ్చేది గ్రామర్ స్కూళ్ళ కోసం. దేశంలో చాలాచోట్ల ఎత్తేసిన పదకొండేళ్ళ వడపోత బకింగ్‌హామ్‌షైర్‌లో ఇంకా సాగుతోంది. పదమూడు గ్రామర్ స్కూళ్ళున్నాయి. ఆరో తరగతి మొదలవుతూనే సెప్టెంబరులో పరీక్ష, 121 వస్తే అర్హత. ఎంసెట్ చూసిన జాతికి ఇదొక లెక్కా?

మూడో తరగతి నుంచే ట్యూషన్ పెట్టండి. ఊరి ఫుట్‌బాల్ జట్టు మానిపించండి, స్కౌట్లకి పంపకండి, పుట్టినరోజు పిలుపులకి ఒంట్లో బాలేదని చెప్పండి. తోటి తల్లులు అడిగితే ‘మేమేం చదివించడం లేదండీ’ అనండి. వాళ్ళూ అదే మాట అంటారు, నమ్మకండి. పిల్లకి పక్క పట్నంలో సీటు వస్తుంది. ఇక ఊళ్ళో ఆడుకోవడానికి తోడు దొరకదు, కాబట్టి చదువు దెబ్బతినదు.

6. మన చెట్టు మనిష్టం

ఇంట్లో దిగగానే చెయ్యాల్సిన మొదటి పని, నీడ పడుతోందని ముందున్న ఓక్ చెట్టు కొట్టించడం. ఊరు సంరక్షిత ప్రాంతం అయితే, కొమ్మ నరకడానికైనా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కి తెలియజెయ్యాలి. విడిగా రక్షణ ఉత్తర్వు ఉన్న చెట్టయితే అనుమతి లేకుండా ముట్టుకోవడం నేరం. ‘మా పెరట్లో చెట్టుకి మీ పెత్తనమేమిటి’ అని నిలదీయండి. ఆ చెట్టు వయసు మీ ఇంటి వయసు కంటే ఎక్కువని వాళ్ళు చెబుతారు.

తర్వాత కంచె. రోడ్డు వైపు ఒక మీటరు, మిగతా వైపుల రెండు మీటర్లు దాటితే అనుమతి కావాలి. మీరు రోడ్డు వైపే రెండు మీటర్లు లేపండి. పక్కింటావిడ రెండో రోజున కేకు పట్టుకుని వస్తే తలుపు సందులోంచి తీసుకోండి. పళ్ళెం తిరిగి ఇవ్వకండి. మన వైపు ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్న ఆచారం ఉన్నా, ఇక్కడ దాన్ని గుర్తు తెచ్చుకోవాల్సిన పనిలేదు.

7. మీ స్థలంలోంచి ఎవరినీ నడవనివ్వకండి

ఒక ఆదివారం టీ తాగుతుంటే ముసలి దంపతులిద్దరు కర్రలతో, కుక్కతో మీ తోట అంచున నడుచుకుంటూ పోతారు. కేకలెయ్యండి. 1949 చట్టం కింద ఊరూరా కాలిబాటల పటాలు తయారయ్యాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి అలాంటి దారులు దాదాపు 1,40,000 మైళ్ళున్నాయి. ప్రైవేటు పొలంలోంచి, కొన్నిచోట్ల ఇంటి తోటలోంచి కూడా అవి పోతాయి. పసుపు బాణం కనిపిస్తే మనుషుల దారి, నీలం బాణం ఉంటే గుర్రాలకీ సైకిళ్ళకీ కూడా. ఆ దంపతులు మీరు ఆ ఇంటికి రాకముందు నుంచీ ఆ దారినే నడుస్తున్నారు. ఇవాళ్టి నుంచి మీ గురించి మాట్లాడుకుంటూ నడుస్తారు.

అవే దారులు మీకూ హక్కే, కానీ వాడుకోకండి. వాడుకోక తప్పకపోతే ఫిబ్రవరిలో తెల్ల బూట్లతో వెళ్ళండి. గొర్రెలున్న పొలంలో గేటు తీసి తీసినట్టే వదిలెయ్యండి. మెట్టెక్కి కోడి వేపుడు పొట్లం విప్పండి. పైన చీలిన తోకతో తిరిగే ఎర్ర గద్దలు ఒకప్పుడు ఇంగ్లండ్ మొత్తంలో అంతరించిపోయాయి. 1989 నుంచి 1994 దాకా స్పెయిన్ నుంచి పిల్లల్ని తెచ్చి ఈ కొండల్లోనే వదిలారు. ఇప్పుడు మీ తల మీద తిరుగుతున్నది వాటి సంతానమే. చేతిలో ముక్క చేతిలో ఉండగానే తన్నుకుపోవడం వాటికి వచ్చు. పిల్లలకి ప్రకృతి పాఠం.

8. ఊరి వ్యవహారాలు మనకెందుకు

పారిష్ కౌన్సిల్ అని ఒకటుంటుంది. 1894 చట్టంతో పుట్టింది, మన గ్రామ పంచాయతీకి దాయాది. దేశంలో ఇలాంటివి దాదాపు పది వేలు. పార్కులో ఉయ్యాల విరిగినా, బస్‌స్టాప్ బెంచీకి రంగు వెయ్యాలన్నా, కూరగాయల మళ్ళు పంచాలన్నా అక్కడే. సభ్యులకి జీతం ఉండదు. సమావేశానికి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, మాట్లాడటానికి కాసేపు సమయం కూడా ఇస్తారు. మీరు వెళ్ళకండి. దారిలో దీపం లేదన్న ఫిర్యాదు మన వాట్సాప్ గ్రూపులో పెట్టండి. హైదరాబాదులో ఉన్న బావమరిది సానుభూతి తెలుపుతాడు.

ఓటర్ల జాబితా ఫారం వస్తే ‘మనది ఇండియా పాస్‌పోర్టు కదా’ అని చెత్తలో వెయ్యండి. చట్టప్రకారం అక్కడ నివసించే కామన్వెల్త్ పౌరులు ఓటుకి అర్హులు. వీసా మీదున్న భారతీయుడు కూడా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వెయ్యవచ్చు. ఇది తెలిస్తే బాధ్యత పెరుగుతుంది. ఆ కాగితం వెయ్యడానికి కూడా సరైన చెత్తడబ్బా చూసుకోకండి. ఈ వారం ఏ రంగు డబ్బా బయట పెట్టాలన్నది ఊరంతటికీ తెలుసు. ఎదురింటాయన డబ్బా చూసి పెడితే సరిపోతుంది. ఆయన ఊరెళ్ళిన వారం తప్ప.

9. దీపావళికి చట్టం మన వైపే ఉంది

ఇది నిజంగా నిజం. మామూలు రోజుల్లో రాత్రి పదకొండు దాటాక టపాకాయలు కాల్చకూడదు. దీపావళి రోజున మాత్రం ఒంటిగంట దాకా కాల్చుకోవచ్చని చట్టమే చెబుతోంది. కాబట్టి పన్నెండున్నరకి లక్ష్మీబాంబు స్థాయి సరుకు బయటికి తియ్యండి. పక్క మేతబీడులో రెండు గుర్రాలున్నాయని, వీధిలో సగం ఇళ్ళలో కుక్కలున్నాయని ముందుగా ఒక చీటీ రాసి పడెయ్యాల్సిన పనిలేదు. పిలిస్తే పిల్లాపాపలతో వచ్చి, గులాబ్‌జాములు తిని, తొమ్మిదింటికల్లా కాల్చేసి వెళ్ళిపోయే జనం వాళ్ళు. పిలవకండి. నవంబరు 5న ఊరి మైదానంలో వాళ్ళు వేసే పెద్ద మంటకి మీరూ వెళ్ళకండి. లెక్క సరిపోతుంది.

10. నాన్నగారిని గడప దాటనివ్వకండి

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. ఇండియా నుంచి అమ్మా నాన్నా విజిటర్ వీసా మీద వస్తే ఆరు నెలల దాకా ఉంటారు. అమ్మ సంగతి పరవాలేదు, సీరియళ్ళున్నాయి. నాన్నగారు ప్రమాదం. ఊళ్ళో అరుగుల మీద పెరిగిన మనిషి, పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరతారు. కనిపించిన ప్రతివాడికీ గుడ్ మార్నింగ్ చెబుతారు. కాలిబాట కంచె దగ్గర ఆగి ఆ గొర్రెలు ఎన్ని, ఈనినవెన్ని అని రైతుని ఆరా తీస్తారు. నెల తిరక్కుండా ఏ కుక్క పేరేమిటో, దాని యజమానికి ఏ మోకాలు నొప్పో ఆయనకి తెలిసిపోతుంది.

తర్వాత కూరగాయల మళ్ళ దగ్గర తేలతారు. అక్కడ ఒక నిండు మడి అంటే 250 చదరపు మీటర్లు. కోరినవాళ్ళకి మళ్ళు చూపించే బాధ్యత కౌన్సిళ్ళ మీద 1908 చట్టం నుంచీ ఉంది. మీరు ఏప్రిల్‌లో బయట గోంగూర, బెండ చల్లి, మే నెల మంచుకి మాడిపోతే ‘ఇదేం దేశం’ అని వదిలేసి ఉంటారు. ఆయన పక్క మడి పెద్దాయన్ని అడిగి గోంగూరని గాజు గదిలోకి మార్చి, బయట మెంతికూర, కొత్తిమీర పెంచుతారు. ఓ కట్ట ఆ పెద్దాయనకిస్తే, ఆయన ఓ బుట్టెడు గుమ్మడికాయలిస్తాడు. శుక్రవారం ఇద్దరూ కలిసి పబ్బులో కూర్చుంటారు. ఈయన ముందు నారింజ రసం, ఆయన ముందు బీరు, ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండదు. వేసవి సంతలో లాటరీ బల్ల దగ్గర చీటీలు చింపే పని కూడా ఈయనకే అప్పగిస్తారు.

ఇలా జరగనిస్తే మీ పరువు పోతుంది. ‘మీ నాన్నగారు ఎలా ఉన్నారు’ అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు స్టేషన్‌లో మిమ్మల్ని అడుగుతారు. ఏళ్ళుగా అక్కడున్న మీరు, ఆరు నెలల అతిథికి కొడుకుగా గుర్తింపు పొందుతారు. అందుకని బయట చలి అని చెప్పండి. దారి తప్పుతారని భయపెట్టండి. ఐప్యాడ్ చేతికివ్వండి.

ఈ పదీ శ్రద్ధగా పాటిస్తే మూడో ఏడు తిరిగేసరికి ఫలితం చేతికొస్తుంది. ఊళ్ళో మీకు ఒక్కరి పేరూ తెలియదు, మీ పేరు ఒక్కరికీ పలకడం రాదు. అప్పుడు మీరు ధైర్యంగా, స్వానుభవంతో, ‘ఇంగ్లీషువాళ్ళు మనల్ని కలుపుకోరండీ’ అని తీర్పు చెప్పవచ్చు. కొత్తగా వచ్చే ప్రతి తెలుగువాడికీ ఆ మాట తప్పకుండా చెప్పండి, ఆలస్యం కాకముందే.